తక్కువ ఆదాయంతో సొంతిల్లు: కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

చేతిలో ఎంత ఉంటే ఇంటి పని మొదలుపెట్టొచ్చు?

స్లాబు పడేదాకా కావలసిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఖాయంగా తెలిశాకే ముగ్గు పోయండి. ప్రభుత్వ ఇంటి పథకం కింద దశలవారీగా వచ్చే బిల్లు పడుతుందిలే అన్న ధైర్యం ఒక్కటే చాలదు. పేదవాళ్ల ఇళ్లు ఆగిపోవడానికి మొత్తం ఖర్చు ఎక్కువ కావడం ఒక కారణం మాత్రమే. చాలాసార్లు డబ్బు వచ్చే రోజుకూ, ఇవ్వాల్సిన రోజుకూ పొంతన కుదరక ఆగుతాయి.

ఒక లెక్క చూడండి. 340 చదరపు అడుగుల ఇల్లు, చదరపు అడుగుకు 1,600 రూపాయలు అనుకుందాం. మీ ఊళ్లో రేటు వేరుగా ఉంటే ఆ అంకె వేసుకోండి. మొత్తం 5,44,000. పథకం కింద రెండున్నర లక్షలు వచ్చినా ఇంకా 2,94,000 మీ చేతి నుంచే పడాలి. ఇందులో సంపు, మరుగుదొడ్డి గుంత, కరెంటు సర్వీసు, బేస్‌మట్టంలోకి తోలే మట్టి లేవు. మేస్త్రీ చెప్పే చదరపు అడుగు రేటులో ఇవి దాదాపు ఎప్పుడూ ఉండవు.

మొత్తంలో సుమారు నాలుగో వంతు బేస్‌మట్టానికి పోతుంది. గోడలు, స్లాబు కలిసి దగ్గర దగ్గర సగం తింటాయి. మిగిలింది పూత, బండలు, తలుపులు, కరెంటు, నీళ్ల పైపులు. స్లాబు పడగానే ఇల్లు అయిపోయినట్టే అనిపిస్తుంది, కానీ లక్షన్నర పని అక్కడి నుంచే మొదలవుతుంది.

డబ్బు తెగిపోయి ఆపక తప్పకపోతే ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోండి. బేస్‌మట్టం దగ్గర ఆపితే నష్టం తక్కువ. పైన రెండంగుళాల కాంక్రీటు వేసి, పైకి ఉన్న కమ్మీలకు సిమెంటు పాలు పూసి వదిలేస్తే ఏడాదైనా ఏమీ కాదు. స్లాబు అయ్యాక ఆపినా ఫర్వాలేదు, తలుపు బిగించుకుని పూత లేకుండానే కాపురం పెట్టొచ్చు. గోడలు లేచి స్లాబు పడకముందు మాత్రం ఆపొద్దు. వాన గోడల తలల్లోకి దిగుతుంది, కమ్మీలు తుప్పు పడతాయి, తలుపు చట్రాలు వంగిపోతాయి. రెండేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెడితే పై మూడు నాలుగు వరసలు తీసేయాల్సి రావచ్చు.

పథకం కింద ఎంత వస్తుంది, ఎవరికి వస్తుంది?

పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశ 2024 సెప్టెంబరు 1 నుంచి నడుస్తోంది. సొంత స్థలంలో కట్టుకునే పేద కుటుంబానికి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం కనీసం లక్ష ఇస్తాయి. కుటుంబ వార్షికాదాయం 3 లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా మీ కుటుంబంలో ఎవరి పేరా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇంటి పథకం కిందా లబ్ధి పొంది ఉండకూడదు. ఇక్కడ కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. నాన్న పేరు మీద ఇల్లుందని పెళ్లయిన కొడుకును తోసిపుచ్చరు, కానీ రేషన్ కార్డు విడిపోకపోతే కంప్యూటర్లో ఒకే కుటుంబంగా కనిపిస్తారు. దరఖాస్తుకు ముందు కార్డు విడదీసుకోండి.

ఇంటి వైశాల్యం 30 నుంచి 45 చదరపు మీటర్లు, అంటే సుమారు 323 నుంచి 484 చదరపు అడుగుల లోపు ఉండాలి. ఎలాగూ కడుతున్నాం కదా అని ఇంకో గది కలిపి హద్దు దాటించి, బిల్లు పోగొట్టుకోవద్దు. ఆ గది ఇల్లు పూర్తయి చివరి బిల్లు పడ్డాక ఆలోచించొచ్చు.

గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతాలకు కేంద్రం, రాష్ట్రం కలిపి ఇచ్చేది 1,20,000. మరుగుదొడ్డికి 12,000 విడిగా వస్తుంది. మీ పల్లె పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే పట్టణ పథకం కిందికి వచ్చే వీలుంది. మూడు జిల్లాల్లోనూ ఇలాంటి సంస్థలున్నాయి కాబట్టి మీ ఊరు ఏ లెక్కలోకి వస్తుందో సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును అడగండి. రెండింటికీ తేడా లక్షకు పైనే.

బిల్లు ఎందుకు ఆగుతుంది?

చాలావరకు చిన్న కారణాలే.

బ్యాంకు ఖాతా మొదటిది. సాయం ఆధార్ ద్వారా పడుతుంది. మీరు దరఖాస్తులో ఏ ఖాతా రాసినా, డబ్బు ఆఖరుగా ఆధార్ అనుసంధానమైన ఖాతాకే వెళ్తుంది. ఎప్పుడో సిమ్ము కొన్నప్పుడో, గ్రూపు లోను కోసమో తెరిచి మరిచిపోయిన ఖాతాలో బిల్లు పడి ఉన్న సందర్భాలు తక్కువేమీ కాదు. ఏ బ్యాంకుతో కలిసి ఉందో ఆధార్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, బ్యాంకులో అడిగినా చెబుతారు.

రెండోది ఫొటో. పునాది, బేస్‌మట్టం, గోడల ఎత్తు, స్లాబు, పూర్తి అనే దశల్లో అధికారి వచ్చి స్థలం గుర్తుతో ఫొటో తీస్తేనే ఆ దశ బిల్లు కదులుతుంది. మంజూరు రాకముందే పునాది తీసి గోడలు లేపేస్తే మొదటి దశ ఫొటో ఉండదు, ఇంటిని పాతదని రాసేస్తారు. పట్టాలో ఉన్న ప్లాటు బదులు పక్క ప్లాటులో కట్టినా ఇదే గతి. ప్లాటు నంబరు రాయి కనిపించకపోతే సర్వేయరుతో హద్దులు చూపించుకుని, ఆ తర్వాతే ముగ్గు పోయండి.

మూడోది పేర్లు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పట్టాలో ఒక ఇంటిపేరు, పాస్‌బుక్కులో అసలు ఇంటిపేరే లేకపోవడం. ఇల్లు ఆడవాళ్ల పేరు మీద, లేదా భార్యాభర్తల ఉమ్మడి పేరు మీద మంజూరవుతుంది కాబట్టి పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న కాగితాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా నిధులు రాక నెలల తరబడి ఆగే రోజులూ ఉంటాయి. దానికి మీరు చేయగలిగిందల్లా ఒక దశ బిల్లు రాకముందు రెండో దశను అప్పు తెచ్చి లాగకపోవడమే. మేస్త్రీ తొందరపెడతాడు. సామాన్ల రేటు పెరుగుతుందంటాడు. సిమెంటు బస్తాకు 30 రూపాయలు పెరిగితే 150 బస్తాలకు అయ్యే అదనం 4,500. రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకే 4,000.

స్థలం కొంటున్నాం. ఏ కాగితాలు చూడాలి?

ముందు ఆ స్థలం ఎలాంటిదో తేల్చుకోవాలి. ఈ మూడు జిల్లాల్లో తక్కువ ధరకు వచ్చే స్థలాలు సాధారణంగా నాలుగు రకాలు.

డీకేటీ పట్టా భూమి: ప్రభుత్వం పేదలకు ఇచ్చింది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం దీన్ని అమ్మడానికి ఆంక్షలున్నాయి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన ఇంటి స్థలాలకు 2021 సవరణతో 10 ఏళ్ల గడువు పెట్టారు. గడువు నిండకుండా వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, నోటరీ చేయించుకున్నామని తృప్తి పడితే అది మీ సొంతమైనట్టు కాదు. దాని మీద బ్యాంకు లోను రాదు, పథకం రాదు. అమ్మినవాళ్ల పిల్లలు పదేళ్ల తర్వాత వచ్చి అడిగినా మీకు గట్టి ఆధారం ఉండదు.

అనుమతి లేని లేఅవుటు: పొలాన్ని గళ్లుగా గీసి, రాళ్లు పాతి అమ్మేది. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన లేఅవుటుకు అనుమతి ఉన్నట్టు కాదు. తర్వాత క్రమబద్ధీకరణ రుసుము, ఖాళీ స్థలం పన్ను బకాయి మీరే కట్టాలి. రోడ్డు, కాలువ, కరెంటు స్తంభం దేనికీ పూచీ ఉండదు. సెంటుకు యాభై వేలు తక్కువ అని కొన్న స్థలానికి స్తంభాలు వేయించుకోవడానికి అంతకన్నా ఎక్కువ అవుతుంది.

గ్రామకంఠం: ఊరి నడుమ తాతల నాటి ఇంటి స్థలం. మంచిదే, కానీ దస్తావేజు ఉండదు. పన్ను రసీదులు, పొజిషన్ సర్టిఫికెట్ మీద నడుస్తుంది. అన్నదమ్ములందరి సంతకాలతో పంపకపు దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటే తప్ప బ్యాంకు ముట్టుకోదు.

నాలుగోది వాగు పక్క, వంక పక్క స్థలం. దీనికి కాగితాలన్నీ శుభ్రంగా ఉండొచ్చు కూడా. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచింది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కడప జిల్లా ఊళ్లు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం కాలనీల్లోకి వచ్చింది. ఎండాకాలంలో స్థలం చూసి కొనేవాళ్లకు వంక కనపడదు. చుట్టుపక్కల పాత గోడల మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఆ వీధిలో పదేళ్లకు పైగా ఉన్నవాళ్లను అడగండి.

ఏ రకమైనా సరే, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం, తీయించాలి. కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఒకరి నుంచి ఒకరికి మారిన పాత దస్తావేజులు) వరసగా ఉండాలి. చెక్కుబందీలో రాసిన నాలుగు హద్దులు నేల మీద ఉన్న హద్దులతో కలవాలి. న్యాయవాది అభిప్రాయానికి రెండు మూడు వేలు ఖర్చవుతుందని వెనకాడే చోటు కాదు ఇది.

రిజిస్ట్రేషన్‌కు ఎంత పెట్టుకోవాలి?

అమ్మకం దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ రుసుము ఒక శాతం. కలిపి ఏడున్నర శాతం. 4 లక్షల స్థలానికి 30,000. మీరు రాసుకున్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. డాక్యుమెంట్ రైటరు రుసుము దీనికి పైన. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఈ డబ్బు పక్కన పెట్టకపోతే, గడువు చివరి వారంలో నగలు తాకట్టుకు పోతాయి.

మాది నల్లరేగడి. పునాదికి మేస్త్రీ ఎక్కువ అడుగుతున్నాడు, నిజమేనా?

నిజమే కావచ్చు. నంద్యాల వైపు, కోవెలకుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో నల్లరేగడి ఎక్కువ. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలు తీస్తుంది. ఇంటి ఒక మూల తడిసి ఇంకో మూల ఎండితే పునాది ఎగుడుదిగుడుగా కదులుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పడటానికి కారణం ఇదే. ఆ పగుళ్లకు ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్లీ వస్తాయి.

అనంతపురం ఎర్రనేలల్లో గట్టి గరుసు మూడడుగుల్లోనే తగిలితే అక్కడ ఆపొచ్చు. నల్లరేగడిలో నెర్రెలు ఎంత లోతుకు దిగుతాయో దాన్ని దాటి పోవాలి. సామాన్యంగా ఐదడుగులు, ఒక్కోచోట ఇంకా లోతు. అడుగున గరుసు పరిచి దిమ్మిస చేయాలి. బేస్‌మట్టం పైన నాలుగు గోడలనూ కలుపుతూ కమ్మీలతో కాంక్రీటు బెల్టు వేయాలి. 340 చదరపు అడుగుల ఇంటికి ఈ బెల్టుకు అయ్యే ఖర్చు, పదేళ్లలో పగుళ్లకు పోసే డబ్బు కంటే తక్కువ. ఖర్చు తగ్గించుకోవాలంటే టైల్స్ మానేయండి, బెల్టు మానొద్దు.

తవ్వి తీసిన నల్లమట్టిని మళ్లీ బేస్‌మట్టంలో నింపొద్దు. ఊరకే దొరికింది కదా అని అందరూ చేసే పని ఇది, గచ్చు ఉబ్బి బండలు లేచేది కూడా దీనివల్లే. లోపల రెండడుగులు నింపడానికి ఆరేడు ట్రాక్టర్ల గరుసు పడుతుంది. ఒకేసారి పోయకుండా తొమ్మిదంగుళాల చొప్పున పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస చేయాలి. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలు ఉండేలా బండలు పరిస్తే వాన నీరు పునాదిలోకి దిగదు. ఈ పనికి రంగు పోయిన, అంచు విరిగిన బేతంచెర్ల బండలు చాలు, క్వారీల దగ్గర చవగ్గా వస్తాయి.

సామాను ఎంత పడుతుంది? మేస్త్రీ చెప్పింది నమ్మొచ్చా?

340 చదరపు అడుగుల ఇంటికి, గోడల మీదే స్లాబు నిలిచే పద్ధతిలో, 140 నుంచి 150 బస్తాల సిమెంటు, సుమారు 700 కిలోల కమ్మీ పడతాయి. పిల్లర్లు వేస్తే కమ్మీ 1,200 కిలోల దాకా పోతుంది. నేల మట్టం మీద ఒక్క అంతస్తే అయితే, నేల గట్టిదైతే పిల్లర్లు అక్కర్లేదు. పైన కట్టుకుంటామేమో అన్న ఆశతో ఈ రోజు పిల్లర్లకు పెట్టే లక్ష వల్ల ఉన్న ఇల్లే పూర్తి కాకుండా పోతుంది.

స్లాబు ఒక్కదానికి: బయటి చూరుతో కలిపి 400 చదరపు అడుగులు, మందం నాలుగున్నర అంగుళాలు అనుకుంటే 150 ఘనపుటడుగుల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే 34 బస్తాల సిమెంటు, 65 ఘనపుటడుగుల ఇసుక, 130 ఘనపుటడుగుల కంకర, 350 కిలోల కమ్మీ. దీనికి పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 50 బస్తాలు అడిగితే ఎందుకని అడగండి.

కమ్మీని తూకం వేసి తీసుకోండి. 12 మీటర్ల 8 మిల్లీమీటర్ల రాడ్డు 4.7 కిలోలు, 10 మిల్లీమీటర్లది 7.4 కిలోలు, 12 మిల్లీమీటర్లది 10.7 కిలోలు తూగాలి. ఇంతకన్నా బాగా తక్కువ తూగితే రాడ్డు సన్నం. ఇసుక ఉచితమే అయినా రీచ్ దగ్గర ఎత్తుకూలి, ట్రాక్టరు బాడుగ మీవే. దూరాన్ని బట్టి ఇవే ఎక్కువవుతాయి.

బేల్దారి పని గుత్తకు ఇచ్చేటప్పుడు కాగితం మీద మూడు సంగతులు రాయించండి: ఏ పనులు గుత్తలో ఉన్నాయి (సెంట్రింగ్ సామాను బాడుగ ఎవరిది, సంపు, మెట్లు ఉన్నాయా), ఏ దశకు ఎంత, చివరికి ఎంత ఆపుతారు. పది శాతమైనా పూత పూర్తయ్యేదాకా ఆపకపోతే మేస్త్రీ ఇంకో పనికి వెళ్లిపోతాడు. అడ్వాన్సు ఒక దశ కూలికి మించొద్దు. మూఢాల్లో, ఆషాఢంలో బేల్దార్లు కాస్త ఖాళీగా ఉంటారు. ముహూర్తానికి ముగ్గు ముందే పోసుకుని, పని ఆ నెలల్లో చేయించుకుంటే కూలి కొంత బేరమాడొచ్చు.

నీళ్ల ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు. మన ఎండకు స్లాబును కనీసం పది రోజులు, వేసవిలో రెండు వారాలు నీళ్లు కట్టి ఉంచాలి, గోడల్ని వారం తడపాలి. కుళాయి లేని కొత్త కాలనీలో ఇదంతా ట్యాంకరు నీళ్లే. అందుకే సంపు ముందు కట్టండి. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉంటే 1,800 లీటర్లు పడుతుంది. తర్వాత ఇంటికీ అదే.

పాత మిద్దె ఉంది. బాగు చేసుకోవడమా, కూల్చి కట్టడమా?

రాతి గోడలు నిటారుగా ఉండి, పైకప్పు ఒక్కటే పాడైతే కూల్చొద్దు. చౌడుమట్టి మిద్దె కారేది చాలావరకు ఏటా మట్టి వేయకపోవడం వల్లా, దూలాలకు చెదలు పట్టడం వల్లా. మట్టి దించి, పాడైన దూలాల చోట ఇనుప దూలాలు వేసి, మీద కడప బండలు పరిచి, సందులు సిమెంటుతో పూడ్చి పైన వాలుగా గచ్చు వేస్తే కొత్త ఇంటి ఖర్చులో మూడో వంతుకు లోపే అవుతుంది. వేసవిలో చల్లదనమూ పోదు.

గోడ పొట్ట ఉబ్బినా, మూలలు విడిపోయినా బాగుచేత మీద డబ్బు పెట్టొద్దు. పథకానికి పేరు ఎక్కించుకోవాలనుకుంటే పాత ఇంటిని అధికారి చూసి కచ్చా ఇల్లుగా రాసేదాకా మీరే కూల్చేయకండి.

రోజుకూలి వాళ్లకు బ్యాంకు ఇంటి లోను ఇస్తుందా?

ఇవ్వకూడదన్న నియమం లేదు. ఆదాయం చూపించడమే కష్టం. కూలి, తోపుడు బండి, ఆటో, కుట్టుపని ఏదైనా కావచ్చు, రోజూ చేతికొచ్చే డబ్బును కనీసం ఏడాది పాటు ఖాతాలో వేస్తూ తీస్తూ ఉంటే అదే రుజువు. ఫోన్‌పే లాంటి వాటిలో వచ్చే డబ్బులూ ఖాతాలో కనిపిస్తాయి. డ్వాక్రా గ్రూపు అప్పు వాయిదా తప్పకుండా కట్టిన చరిత్ర పనికొస్తుంది. గ్రూపులో ఇంకొకరు ఎగ్గొట్టినా మీకు ఇబ్బందే, అది గుర్తుంచుకోండి.

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల లోపు ఇంటి లోను ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. అది గరిష్ఠం, హక్కు కాదు. చాలాచోట్ల 75, 80 దగ్గరే ఆగుతారు. మీ వాటా డబ్బు ముందు నేలలో కనిపించాకే బ్యాంకు దశలవారీగా విడుదల చేస్తుంది. మొత్తం లోను విడుదలయ్యేదాకా కట్టేది వడ్డీ మాత్రమే, అసలు రూపాయి తగ్గదు. కాబట్టి కట్టుబడి ఏడాదిన్నర సాగితే ఆ ఏడాదిన్నరా అద్దె, వడ్డీ రెండూ కడుతుంటారు. ఈ రెండింటి కలయిక చాలామంది లెక్కలో ఉండదు.

బ్యాంకు కాదంటే గృహరుణ కంపెనీలు ఇంటికొచ్చి ఆదాయం అంచనా వేసి ఇస్తాయి, కానీ వడ్డీ ఎక్కువ. 5 లక్షలు 15 ఏళ్లకు తీసుకుంటే 9 శాతం మీద నెలకు 5,071 రూపాయలు. 14 శాతం మీద 6,659. 18 శాతం మీద 8,052. మొదటిదానికీ మూడోదానికీ మొత్తం చెల్లింపులో తేడా 5,36,000 పైగా, అంటే ఇంకో ఇంటి డబ్బు. బ్యాంకు మూడు నెలలు తిప్పినా తిరగడం మేలు.

నెల వాయిదా మీరు ఎంత మోయగలరో మంచి నెలలతో లెక్కేయకండి. ఏడాదిలో పని తగ్గే మూడు నెలల్లో, తిండి, మందులు, బడి పోగా ఎంత మిగులుతుందో చూడండి. వాయిదా ఆ అంకె దాటకూడదు.

ప్రాసెసింగ్ రుసుము, లీగల్, వాల్యుయేషన్, తనఖా రిజిస్ట్రేషన్ కలిసి పది, ఇరవై వేలు తేలికగా అవుతాయి. లోనుతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టే బీమాను అంటగడతారు, ఆ ప్రీమియం కూడా లోనులోనే కలిపి దాని మీదా వడ్డీ వేస్తారు. లోనిచ్చేవాళ్ల దగ్గరే బీమా తీసుకోవాలన్న నియమం లేదు. మొత్తం ఖర్చుతో కలిపి ఏడాది వడ్డీ ఎంతో చూపే ముఖ్య వివరాల పత్రం అడగండి, ఇవ్వాల్సిందే.

బయట రూపాయిన్నర వడ్డీకి దొరుకుతోంది కదా?

నూటికి నెలకు రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. రెండు రూపాయలు 24, మూడు రూపాయలు 36. పైగా అసలు ఒకేసారి కట్టాలి. నెలనెలా కట్టేది వడ్డీకే పోతుంది.

ఫైనాన్సు వాళ్లు "12 శాతమే" అంటే ఏ లెక్క అని అడగండి. లక్షకు 12 శాతం చొప్పున ఐదేళ్లకు 60,000 వడ్డీ కలిపి, 60 నెలలకు పంచితే నెలకు 2,667. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మొత్తం లక్ష మీదే వేశారు. బ్యాంకు లెక్కలో చెప్పాలంటే ఇది సుమారు 20 శాతం. డైలీ ఫైనాన్సు ఇంకా ఘోరం: 8,500 చేతికిచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే ఏడాది లెక్కన వడ్డీ నూరు శాతం దాటుతుంది. స్లాబు రోజు కూలికి ఇలా తెచ్చేవాళ్లు ఉన్నారు, వద్దు.

అన్నిటికన్నా ప్రమాదం, అప్పుకు పూచీగా ఇంటికి అమ్మకం దస్తావేజు రాయించడం. "డబ్బు కట్టగానే తిరిగి రాసిస్తాం" అనేది నోటిమాట. రిజిస్టరయ్యాక చట్టం కళ్లకు ఇల్లు వాళ్లది. రాయక తప్పకపోతే తనఖా దస్తావేజే రాయండి. ఖాళీ ప్రోనోటు, ఖాళీ చెక్కు ఇవ్వొద్దు.

చీటీ వేస్తే రిజిస్టరైనదే వేయండి. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరు కాని చీటీ మునిగితే అడగడానికి దారి చాలా తక్కువ. బంగారం తాకట్టు వడ్డీ తక్కువే, కానీ అది కొద్ది నెలల సర్దుబాటుకు సరిపోయే అప్పు. బిల్లు రాబోతోందని తేదీతో సహా తెలిసినప్పుడే వాడండి.

వడ్డీ రాయితీ 1,80,000 వస్తుందంటున్నారు. ముందే లోను తీర్చేయొచ్చా?

పట్టణ పథకం రెండో దశలో 35 లక్షల లోపు విలువున్న ఇంటికి, 25 లక్షల లోపు లోనుకు, మొదటి 8 లక్షల మీద 12 ఏళ్ల కాలానికి 4 శాతం రాయితీ ఉంది. అది ఒకేసారి రాదు, ఐదు వార్షిక వాయిదాల్లో పడుతుంది. ఆ సమయానికి లోను నడుస్తూ ఉండాలి, అసలు సగానికి మించి మిగిలి ఉండాలి. తొందరపడి సగానికి పైగా తీర్చేస్తే మిగిలిన రాయితీ పోతుంది. ఐదో వాయిదా పడ్డాక ముందస్తుగా కట్టుకోండి. మారే వడ్డీ లోనుకు ముందుగా కట్టినందుకు జరిమానా వేయకూడదు. సొంత స్థలంలో కట్టుకునే సాయం తీసుకున్నవాళ్లకు ఈ రాయితీ రాదు, రెండింటిలో ఒకటే.

టిడ్కో ఫ్లాటు వచ్చింది. తీసుకోవాలా?

టిడ్కో అంటే పట్టణ పేదలకు ఫ్లాట్లు కట్టించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ఇందులో 300, 365, 430 చదరపు అడుగుల రకాలున్నాయి. ఫ్లాటు చేతికి రాకముందే లోను మొదలై, వాయిదా కట్టమని నోటీసులు వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. సంతకం చేసే ముందు తాళం ఎప్పుడు ఇస్తారు, వాయిదా ఏ నెల నుంచి మొదలవుతుంది అనే రెండూ రాతలో అడగండి. కర్నూలు జగన్నాథగట్టు లాంటి చోట్ల ఊరికి దూరం ఎక్కువ. పని చేసే చోటికి ఇద్దరు రోజూ వెళ్లిరావడానికి యాభై రూపాయల చొప్పున అయితే నెలకు 2,500 పైనే. అద్దె తప్పిందన్న సంతోషంలో ఈ ఖర్చును మరవొద్దు.

వాయిదాలు కట్టలేకపోతే ఇల్లు లాక్కుంటారా?

ఒక్క నెలకు లాక్కోరు. వరసగా 90 రోజులు బకాయి పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది. అప్పుడు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. దానికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు, బ్యాంకు జవాబు ఇవ్వాలి. గడువు దాటాక స్వాధీన చర్య మొదలైతే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. బాకీ లక్ష లోపు ఉన్నా, అసలు, వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం లోపే మిగిలినా ఈ చట్టం వర్తించదు.

ఇవన్నీ చివరి మెట్లు. కట్టలేమని తెలిసిన మొదటి నెలే బ్యాంకుకు వెళ్లి కారణం రాసిచ్చి, కాలం పెంచి వాయిదా తగ్గించమని అడగండి. అదే 5 లక్షలను 15 ఏళ్ల నుంచి 20 ఏళ్లకు పెంచితే 9 శాతం మీద వాయిదా 5,071 నుంచి 4,499కి తగ్గుతుంది. ఫిర్యాదు రాసిచ్చి 30 రోజులైనా జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. గృహరుణ కంపెనీ అయితే జాతీయ గృహనిర్మాణ బ్యాంకుకు.

ఇంట్లోకి వెళ్లాక ఏటా ఎంత పెట్టుకోవాలి?

పన్ను పెద్ద భారం కాదు. మున్సిపాలిటీల్లో సొంతంగా ఉండే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. నీళ్లే భారం. బోరు వేయించుకుందామనుకుంటే ఆగండి. అనంతపురం వైపు వందల అడుగులు దించినా దుమ్మే లేచిన చోట్లున్నాయి. ఎండిన బోరుకూ అడుగుల లెక్కన డబ్బు కట్టాల్సిందే. నాలుగైదు ఇళ్లు కలిసి ఒకటి వేయించుకోవడం, లేదా కుళాయికి డిపాజిట్ కట్టి ఎదురుచూడటం నయం. నల్లరేగడిలో మరుగుదొడ్డి ఇంకుడుగుంత నీటిని తొందరగా పీల్చదు. రెండు గుంతలు తీసి మార్చి మార్చి వాడితే, ఏటా బండి పిలిపించే ఖర్చు తప్పుతుంది.

గృహప్రవేశానికి అప్పు చేయొద్దని చెబితే ఎవరూ వినరు. కనీసం తలుపులు, కరెంటు అయ్యాక పెట్టుకోండి. ఊరందరికీ భోజనాలు పెట్టి, ఆ తర్వాత మీటరు లేక పక్కింటి నుంచి తీగ లాక్కున్న ఇళ్లు ప్రతి కాలనీలో కనిపిస్తాయి.

లోను తీరిపోయింది. ఇంకేం చేయాలి?

అసలు దస్తావేజులు తీసుకోండి. పూర్తిగా కట్టిన 30 రోజుల్లో అవి తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం, 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బాకీ లేదన్న పత్రంతో పాటు, రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రద్దు చేయించండి. నెల తర్వాత కొత్త ఈసీ తీసి, తనఖా విడుదల నమోదైందో లేదో చూసుకోండి.